మద్దెల ఓడేనా?

ఫిల్మ్‌నగర్‌లో కెమెరా ట్రాలీ చక్రం ఇరుసు అరిగితే కొత్తది తయారయ్యేది ఏదో ఒక లేత్ మీదే. బాలానగర్ షెడ్లలోకి సీఎన్‌సీ మిషన్లు ఎన్ని దిగినా, ఒకే ఒక్క పీసు, అదీ రేపు పొద్దున షూటింగ్‌కి కావాలంటే పాత మిషనే గతి. పని గరుకుగా వచ్చిందా, మిషన్ ముసలిదైపోయిందండీ అంటారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంటుంది ఈ మాట. 1943లో మిషన్ టూల్స్ కంపెనీ ప్రాగా టూల్స్ పుట్టిన ఊళ్లో పాత లేత్‌ను ఇంత తేలిగ్గా తీసిపారేయడం భావ్యం కాదు. గరుకు ఎక్కడ పుడుతుందో లెక్క కట్టొచ్చు. జాబ్, అంటే కోతకు బిగించిన ముక్క, ఒక చుట్టు తిరిగేలోగా టూల్ జరిగే దూరం ఫీడ్. దాన్ని దానితోనే హెచ్చించి, టూల్ ముక్కు రేడియస్‌కు ఎనిమిది రెట్లతో భాగిస్తే టూల్ గీతల లోతు వస్తుంది. ముక్కు రేడియస్ 0.4 మి.మీ., ఫీడ్ 0.2 అయితే లోతు 12.5 మైక్రాన్లు, ఫీడ్ 0.1కి తగ్గిస్తే మూడు మైక్రాన్ల చిల్లర. ఈ లెక్కలో మిషన్ వయసు ఎక్కడా లేదు.

కాగితం మీద సరే, స్పిండిల్ బేరింగులు వదులై, స్లైడ్లు ఊగుతుంటే టూల్ వణకదా అంటారు. వణుకుతుంది. కానీ ఆ వదులును కొలవొచ్చు, చాలావరకు బిగించొచ్చు. చక్‌లో కడ్డీ పట్టి, డయల్ గేజ్ ఆనించి, పైకెత్తి చూస్తే బేరింగుల సంగతి తేలిపోతుంది. జిబ్ స్క్రూలు సరిచేస్తే క్రాస్ స్లైడ్ కుదురుకుంటుంది. టూల్‌ను అవసరానికి మించి బయటికి పెట్టకపోతే ఆ వణుకు (చాటరింగ్) చాలా తగ్గుతుంది. ఇక బెడ్ అరుగుదల ముఖ్యంగా చేసేది జాబ్‌ను ఒక చివర లావుగా, ఇంకో చివర సన్నంగా మార్చడం. పైభాగం గరుకెక్కడం వేరే జబ్బు. రెంటినీ ఒకే గాటన కట్టేస్తున్నాం.

నా దృష్టిలో అసలు దోషి, పాత మిషన్‌కు తగిలించిన కార్బైడ్ టిప్పు. 25 మి.మీ. కడ్డీ 500 ఆర్‌పీఎంలో తిరిగితే కోత వేగం నిమిషానికి 39 మీటర్లే. మైల్డ్ స్టీల్ మీద కార్బైడ్ బాగా కోయాలంటే వంద దాటాలి. ఆ నెమ్మదిలో లోహం టిప్పు అంచుకు అతుక్కుని, గడ్డకట్టి, ఊడిపోతూ జాబ్‌ను చీరేస్తుంది. వేగం ఇంకాస్త తగ్గించి, ఆయిల్ స్టోన్ మీద అంచు తేలేదాకా నూరిన హైస్పీడ్ స్టీల్ (హెచ్‌ఎస్‌ఎస్) బిట్టును సరిగ్గా సెంటర్ ఎత్తులో కట్టి, కటింగ్ ఆయిల్ వేస్తూ సన్నటి ఫీడ్‌తో లాగితే అదే లేత్ నున్నటి ఫినిషింగ్ ఇస్తుంది. ఓపిక కావాలి, నిజమే. నూరడం వచ్చిన చెయ్యి కూడా కావాలి.

ఇంత తంటా దేనికి, ఎమరీ పేపర్ పట్టిస్తే మెరవదా అనేవాళ్లు ఎటూ ఉంటారు. మెరుస్తుంది. కానీ బేరింగ్ కూర్చునే చోట గీతల మధ్య గట్లు మిగిలితే, నొక్కి ఎక్కించేటప్పుడు అవి చితికిపోతాయి. మైక్రోమీటర్‌లో సరిపోయిన ఇరుసు కాస్తా వదులవుతుంది. ఆ గట్లు పోయేదాకా చేత్తో ఎమరీ రుద్దితే ఎక్కడ ఎంత తగ్గిందో తెలియదు, గుండ్రతనం పోతుంది. టెలిఫోటో లెన్స్ బిగించిన షాట్‌లో చక్రం చిన్నపాటి ఊపు కూడా తెర మీద పెద్దదై కనిపిస్తుంది. పైగా ఎమరీ పొడి రాలేది బెడ్ మీదే. నూనెతో కలిసి సాడిల్ కిందికి చేరి, ముసలిదని తిట్టుకునే మిషన్‌నే ఇంకా అరగదీస్తుంది. పట్టక తప్పకపోతే ముందు బెడ్ మీద కాగితమైనా పరవాలి.