ముట్టుకోని పెంపకం

తెలుగులో పెంపకం అన్న మాటలోనే స్పర్శ ఇమిడి ఉంది. ఎద్దు మెడ నిమరడం, బర్రెను కడగడం, కోడిపిల్లను దోసిట్లోకి తీసుకోవడం పెంపకంలో భాగాలే కాబట్టి, నిజామాబాద్ జిల్లా సిరికొండ వంటి పసుపు పండే ఊళ్ళలో జంతువును సాకడమంటే దాన్ని చేతికి మచ్చిక చేసుకోవడమే అన్న అర్థం తరతరాలుగా స్థిరపడింది. ఆ అర్థాన్ని పూర్తిగా తలకిందులు చేసే జీవి టరంటులా అనే పెద్ద సాలీడు. అది యజమానిని గుర్తుపట్టదు, పిలిస్తే రాదు, నిమిరితే సంతోషించదు. దాన్ని ఎంత తక్కువగా తాకితే అంత బాగా పెంచినట్టు లెక్క. అందువల్ల ఈ పెంపకంలోకి కొత్తగా అడుగుపెట్టేవారు మొదట నేర్చుకోవలసింది చేతిని వెనక్కి తీసుకోవడం.

టరంటులా అన్న పేరు ఇటలీలోని టారంటో అనే రేవు పట్టణం నుంచి వచ్చింది. అక్కడివారు మొదట ఆ పేరుతో పిలిచింది వేరొక కుటుంబానికి చెందిన సాలీడును. తరువాతి కాలంలో వేడి దేశాలలోని ఒళ్ళంతా నూగున్న భారీ సాలీళ్ళకు ఆ పేరు అంటుకుని నిలిచిపోయింది. శాస్త్రజ్ఞులు థెరాఫోసిడే అని వ్యవహరించే ఈ కుటుంబంలో ప్రపంచమంతటా వెయ్యికి పైగా జాతులున్నాయి. వీటికి 8 కళ్ళున్నా చూపు బలహీనం. నేల అదురునూ గాలి కదలికనూ ఒంటి మీది సన్నని రోమాలతో పసిగట్టడమే వీటికి చూపు. కాలు ముడవడానికి కండరాలున్నాయి గాని, ప్రధానమైన కీళ్ళ దగ్గర దాన్ని చాచడానికి లోపలి ద్రవపు ఒత్తిడే ఆధారం. ఆ కారణంగానే ఒంట్లో నీరు తగ్గిన సాలీడు కాళ్ళన్నీ పొట్ట కిందికి ముడుచుకుని చావుకు దగ్గరవుతుంది. నీళ్ళ గిన్నె ఎండిపోకుండా చూడడం ఈ పెంపకంలో అతి చిన్న పనిలా కనిపించినా అన్నిటికన్నా ముఖ్యమైనదిగా ఎందుకు లెక్కకు వస్తుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

పెంపకందారులు ఈ జాతులను పాత ప్రపంచానివి, కొత్త ప్రపంచానివి అని రెండుగా విడదీస్తారు. కొత్త ప్రపంచం అంటే ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాలు. అక్కడి జాతులలో చాలావాటికి పొట్ట మీద దురద పుట్టించే రోమాలుంటాయి, బెదిరినప్పుడు అవి వెనుక కాళ్ళతో ఆ రోమాలను గాలిలోకి రాలుస్తాయి. ఆ నూగు చర్మం మీద పడితే మంట, కంట్లో పడితే అంతకు మించిన ప్రమాదం. ఆసియా, ఆఫ్రికా ఖండాల పాత ప్రపంచపు జాతులకు ఆ రోమాలు లేవు. వాటి రక్షణ అంతా వేగంలోనూ కోరలలోని విషంలోనూ ఉంటుంది. మొదటిసారి పెంచేవారికి మెక్సికో ఎర్ర మోకాళ్ళ టరంటులా వంటి నేలవాసి, నెమ్మదైన జాతి తగినదని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణం ఇదే. అయితే ఆ జాతిలో ఆడది 20 ఏళ్ళకు పైగా బతకగలదు కనుక, ఇది బడి పిల్లవాడి సరదాగా మొదలై అతని ఉద్యోగకాలంలోకి సాగే బాధ్యత అని ముందే ఎరిగి ఉండాలి.

ఇంటి ఏర్పాటులో పాటించవలసిన నియమం జంతువు శరీరం నుంచే పుడుతుంది. నేల మీద బతికే టరంటులా పొట్ట పలుచని సంచి వంటిది. జానెడు ఎత్తు నుంచి పడినా అది చిట్లి ప్రాణం పోవచ్చు. అందుచేత దాని పెట్టెలో తడిపి పిండిన కొబ్బరి పొట్టును మందంగా నింపి, ఆ పొట్టుకూ మూతకూ మధ్య ఎడం సాలీడు కాళ్ళ విస్తీర్ణానికి ఒకటిన్నర రెట్లు మించకుండా చూస్తారు. దాక్కోవడానికి ఒక బెరడు ముక్క, గాలి ఆడడానికి ప్రక్కలకు సన్నని రంధ్రాలు ఉంటే చాలు. చెట్టు మీద బతికే జాతులకు ఇదే పెట్టె నిలువుగా ఉండాలి, బెరడును నిటారుగా నిలబెట్టాలి. ఎండాకాలంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే నిజామాబాద్ ప్రాంతంలో చలిదేశాల పుస్తకాలు చెప్పే వేడి దీపాల అవసరం లేదు సరికదా, పెట్టెను కిటికీ ఎండకు దూరంగా, ఇంట్లోకెల్లా చల్లని గదిలో ఉంచడమే ఇక్కడి అసలు జాగ్రత్త.

మేత విషయంలో కూడా వ్యవసాయ గ్రామానికి ప్రత్యేకమైన ఒక హెచ్చరిక ఉంది. వారానికొకటి రెండు కీచురాళ్ళు పెద్ద సాలీడుకు సరిపోతాయి, కొన్ని నెలల ఉపవాసం కూడా దానికి ప్రమాదం కాదు. కాని పసుపు చేలలో, మక్క చేలలో దొరికే మిడతను పట్టి వేయడం చవకైన ఉపాయంలా తోచినా, ఆ చేనికి పురుగుమందు కొట్టి ఉంటే మిడత వెంట ఆ మందు కూడా పెట్టెలోకి చేరుతుంది. పురుగును చంపే మందుకు సాలీడు తట్టుకోలేదు. దోమల మందు పిచికారీ చేసిన గది, చీమల సుద్ద గీసిన అరుగు, మందు కొట్టి వచ్చి సరిగా కడుక్కోని చేయి కూడా అంతే ప్రమాదకరం.

ఈ విద్యలో కొత్తవారి ఓర్పుకు నిజమైన పరీక్ష కుబుసం విడిచే కాలం. సాలీడు చర్మం గట్టి పెంకు వంటిది కనుక ఒళ్ళు పెరగాలంటే దాన్ని విడవక తప్పదు. ఆ సమయం దగ్గరపడినప్పుడు అది మేత ముట్టదు, రంగు మాసిపోతుంది, పొట్ట మీద రోమాలు రాలిన చోటు నల్లబడుతుంది; తరువాత ఒకనాడు వెల్లకిలా పడుకుని గంటల తరబడి కదలకుండా ఉంటుంది. అది చచ్చిపోయిందనుకుని కదిలించడం, నీళ్ళు చల్లడం, సరిచేయబోవడం కొత్తవారు చేసే ఘోరమైన పొరపాటు. పాత చర్మంతో పాటు కోరల పైపొర కూడా ఊడిపోవడం వల్ల కొత్త కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. ఆ స్థితిలో పెట్టెలో మిగిలిపోయిన కీచురాయి సాలీడునే కొరికి చంపగలదు. అందువల్ల తినని మేతను వెంటనే తీసివేయాలి, కోరలు నల్లబడేదాకా, అంటే సాధారణంగా వారం నుంచి రెండు వారాల దాకా, మళ్ళీ వేయకూడదు. ఈ ఓర్పు పసుపు రైతుకు కొత్త కాదు. మట్టి కింద ఊరుతున్న కొమ్మును 8, 9 నెలల పాటు కంటితో చూడకుండానే, ఆకు పండి వాలడాన్ని బట్టి తవ్వకపు వేళను నిర్ణయించే రైతు, తొందరపడి తవ్వితే దుంప ముదరదని ఎరిగి చేతులు కట్టుకుని ఎదురుచూస్తాడు. లోపల జరిగేదాన్ని బయటి గుర్తులతో చదవడం, ఆ చదివినదాన్ని నమ్మి ఊరకుండడం రెండు విద్యలకూ సమానమే.

ఇంత ఓర్పును అడిగే ఈ కుటుంబంలో ప్రపంచమంతా మోజుపడే ఒక జాతి తెలుగు నేలదే అన్న సంగతి తెలుగువారిలో కొద్దిమందికే తెలుసు. 1899లో రెజినాల్డ్ పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు పీసిలోథీరియా మెటాలికా అని పేరుపెట్టి వర్ణించిన ఈ నీలి సాలీడు అనంతపురం జిల్లా గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది, అందువల్లే లోకం దాన్ని గుత్తి పేరుతో పిలుస్తుంది. కాని గుత్తి దాని పుట్టిల్లు కాదు. 102 ఏళ్ళ తరువాత, 2001లో, అక్కడికి సుమారు వంద కిలోమీటర్ల తూర్పున నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో అది మళ్ళీ కనిపించిన మీదట, ఆ మొదటి సాలీడు కలప దుంగలతో పాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందన్న ఊహకు బలం కలిగింది. దాని నీలం రంగుద్రవ్యం వల్ల వచ్చినది కాదు. రోమాల లోపలి అతి సూక్ష్మమైన పొరలు కాంతిని విరిచి వెనక్కి పంపడం వల్ల కలిగే వన్నె అది. టరంటులాల వంశంలో ఇటువంటి నీలం కనీసం 8 సార్లు విడివిడిగా ఏర్పడిందని 2015లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది.

పెద్ద చెట్ల తొర్రలలో బతికే ఈ జాతికి తొర్ర ఎంత లోతైతే అంత రక్షణ. లోతైన తొర్ర ఏర్పడాలంటే చెట్టు ముసలిదై ఉండాలి. తొర్రలు చాలనిచోట పలు సాలీళ్ళు ఒకే తొర్రలో సర్దుకుంటాయి. ఉనికి వంద చదరపు కిలోమీటర్ల కన్నా తక్కువ ప్రాంతానికి పరిమితం కావడం, అక్కడ కలపకూ వంటచెరకుకూ చెట్లు పడిపోతుండడం, పైగా పెంపుడు జంతువుల వ్యాపారం కోసం పట్టుకుపోవడం వంటి కారణాలతో 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల ఎర్ర జాబితాలో చేర్చింది. 2019లో పీసిలోథీరియా ప్రజాతి మొత్తం సైటిస్ రెండవ అనుబంధంలోకి వచ్చింది. సైటిస్ అంటే అపాయంలో ఉన్న వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం. భారతదేశం 2022లో వన్యప్రాణి రక్షణ చట్టాన్ని సవరించి, ఆ ఒప్పందపు జాబితాలోని జీవులను తన నాలుగవ షెడ్యూలులోకి తెచ్చింది, వాటిని ఇంట్లో ఉంచుకునేవారు ప్రభుత్వం వద్ద నమోదు చేసుకోవాలని విధించింది. పైన చెప్పిన ఎర్ర మోకాళ్ళ టరంటులా కూడా అదే అనుబంధంలోనిది కనుక, ఎక్కడ పుట్టిందో చూపే పత్రం లేని సాలీడును కొనకపోవడం కొత్త పెంపకందారు పాటించవలసిన తొలి ధర్మం. గుత్తి నీలి సాలీడు విషయంలో ఈ మాటను మరింత గట్టిగా చెప్పాలి. యూరప్, అమెరికాలలో పెంపకందారుల ఇళ్ళలో ఎన్ని తరాలు పుట్టినా, అడవిలో ఒక్కో ఆడ సాలీడును పట్టుకుపోయిన మేరకు ఆ చిన్న అడవి ఖాళీ అవుతుంది.

కాబట్టి తెలుగువారికి ఈ నీలి సాలీడు పెంపకం పెట్టెలో కాదు, చెట్టు దగ్గర మొదలవుతుంది. ఆవిరి బాయిలర్లు వచ్చినా పసుపు ఉడికే రోజుల్లో పొయ్యి కట్టెను అడుగుతూనే ఉంటుంది. ఆ అవసరం ముందు తొర్ర పడిన ముసలి చెట్టు అన్నిటికన్నా పనికిమాలినదిగా కనబడుతుంది, గొడ్డలికి మొదట గురయ్యేదీ అదే. సిరికొండ చేను గట్టు మీది తొర్రలో నీలి సాలీడు ఉండదు. గుడ్లగూబో ఉడుమో పేరు తెలియని మరో సాలీడో ఉండవచ్చు. ఏదున్నా, అటువంటి ఒక్క చెట్టును నిలబెట్టి, లోపల ఏముందో చేయిపెట్టి వెతక్కుండా దాటిపోగలిగిన మనిషి, గాజు పెట్టె కొనకముందే ఈ విద్యలో మొదటి పాఠం నేర్చినట్టే.