ఉట్టి నేర్పిన బుద్ధి

మర్యాద రామన్న తీర్చిన తగాదాల్లో పత్తి వర్తకుల పిల్లి తగాదా ఒకటి. నలుగురు భాగస్థులు పత్తి కొని కొట్లో వేస్తారు. ఎలుకలు పాడుచేస్తున్నాయని తలా కాస్త వేసుకుని ఒక పిల్లిని తెచ్చి, తలో కాలు పంచుకుంటారు. ఒకాయన వాటా కాలికి దెబ్బ తగులుతుంది. ఆయన నూనెగుడ్డ కట్టు కడతాడు. కట్టుకు నిప్పంటుకుని, బెదిరిన పిల్లి పత్తిలోకి దూకి, సరుకంతా బూడిదవుతుంది. కట్టు కట్టినవాడే నష్టం భరించాలని మిగతా ముగ్గురూ పట్టుబడతారు. దెబ్బతిన్న కాలు నేల మోపలేదు, పిల్లిని పత్తి దాకా మోసుకెళ్ళింది మీ మూడు కాళ్ళే కనుక డబ్బు మీరే కట్టండని రామన్న తీర్పు చెబుతాడు.

తీర్పులోని చమత్కారానికి అందరం నవ్వుకుంటాం. అందులో నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. కొట్టు కొట్టంతా కాలిపోయినా పిల్లిని ముద్దాయిగా నిలబెట్టాలని ఎవరికీ తోచలేదు. తగువంతా దాన్ని పెంచుకున్నవాళ్ళ మధ్యే నడిచింది. పత్తి, మిరప పండించే పల్నాటి ఇళ్ళలో పిల్లిని దారిలో పెట్టిన పాత పద్ధతి కూడా ఇంచుమించు ఈ తీర్పు లాంటిదే.

2022లో గుంటూరు జిల్లా నుంచి విడివడిన పల్నాడు జిల్లాలో పిడుగురాళ్ల సున్నపు బట్టీల ఊరు. చుట్టూ పత్తి చేలు, మిరప చేలు. నాగమ్మ కోడిపందెం పుణ్యమా అని పల్నాటి చరిత్రలో కోడికి దక్కిన పేరు పిల్లికి దక్కలేదు గానీ, ఇళ్ళలో మాత్రం దాని ఉద్యోగం దానికి ఉండేది. గింజలున్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పిల్లి. ఈ లంకె చాలా పాతది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళ కిందట ఒక మనిషి పక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం బయటపడిందని 2004లో ప్రకటించారు. మన ఇంటి పిల్లులన్నీ ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతపు అడవిపిల్లి సంతతి అని 2007లో డీఎన్ఏ పరీక్షలు తేల్చాయి. ఆ అడవిపిల్లి ఒంటరి వేటగత్తె. తోడేళ్ళ గుంపులోంచి వచ్చిన కుక్కకు పెద్దల కోపం అర్థమవుతుంది, తోక ముడుచుకుంటుంది. ఒంటరిగా బతికిన జాతికి మందలించే పెద్ద అంటూ ఎవరూ లేరు. మనం కర్ర ఎత్తితే దానికి తెలిసేది ఒకటే, ఇక్కడ ప్రమాదం ఉంది, పారిపోవాలి అని.

పాత ఇల్లాళ్ళు ఈ సిద్ధాంతాలేవీ చదవలేదు. ఉట్టి కట్టారు.

ఉట్టి పనితనం తీరిగ్గా చూడదగ్గది. దూలానికి నడిమధ్య, గోడకూ గాదెకూ అటకకూ దూరంగా వేలాడదీస్తారు. పక్క నుంచి దూకడానికి పట్టు దొరకదు. కింద రోలు గానీ పీట గానీ ఉండనివ్వరు. తాళ్ళు సన్నగా ఉంటాయి. పిల్లి ఎలాగో అందుకున్నా కుదురు ఊగుతుంది, ఊగేదాని మీద నిలబడటం దానికి గిట్టదు. ఇక పెరట్లో పిడకల సెగ మీద రోజంతా కాగే పాలకు దాలి ఉండేది, కుండ మీద చిల్లుల మూత, దాని మీద కాస్త బరువు. మీగడ వాసన ఇల్లంతా తిరుగుతున్నా పిల్లికి అందేది వాసనే. నాలుగు రోజులు తల ఎత్తి చూసి, అరిచి, ఊరుకునేది. పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా అనే సామెత ఇలాంటి వంటింట్లోనే పుట్టి ఉండాలి.

ఈ పద్ధతిలో తిట్టూ లేదు, దెబ్బా లేదు. అంతకంటే ముఖ్యం, ఇంట్లో మనిషి ఉన్నా లేకపోయినా ఉట్టి ఒకేలా పనిచేస్తుంది. నీళ్ళు చిమ్మే సీసా పట్టుకుని పిల్లి వెంట తిరగమని ఈమధ్య చాలామంది సలహా ఇస్తున్నారు. దానివల్ల పిల్లి నేర్చుకునేది సీసా పట్టిన మనిషికి దూరంగా ఉండటం. మనిషి గుమ్మం దాటగానే వంటగట్టు ఎక్కుతుంది.

శిక్షతో బుద్ధి చెప్పిన కథ కూడా మన దగ్గరే ఉంది, అదీ పక్కనున్న తెనాలి పేరుతో. ఎలుకల బాధకు రాయలవారు ఇంటింటికీ ఒక పిల్లినీ, దాని పాలకు ఒక ఆవునూ ఇచ్చారనీ, రామకృష్ణుడు మొదటిరోజే సలసల కాగే పాలు పెట్టి పిల్లి మూతి కాల్చాడనీ, ఆ తర్వాత అది పాలగిన్నె కనబడితే చాలు పారిపోయేదనీ చెబుతారు. ఆవుపాలు రామకృష్ణుడి ఇంటివాళ్ళ పాలయ్యాయి. పిల్లి మనసు గురించి ఈ కట్టుకథ చెప్పింది నిజమే. ఒక్క బాధ చాలు, జన్మంతా గుర్తుంటుంది. కానీ అది గుర్తుపెట్టుకున్నది తన తప్పును కాదు, గిన్నెను. కొట్టిన చేతినీ అలాగే గుర్తుపెట్టుకుంటుంది. ఆ చేతి దగ్గరికి మళ్ళీ రాదు, పట్టుకోబోతే రక్కుతుంది. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

శిక్ష ఎంత నేర్పుతుందన్నది ప్రయోగాల్లోనూ తేలింది. న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే పరిశోధకుడు 1898లో ఆకలిగా ఉన్న పిల్లులను చెక్కపెట్టెల్లో ఉంచి, బయట చేపముక్క పెట్టాడు. తాడు లాగితేనో మీట నొక్కితేనో తలుపు తెరుచుకుంటుంది. మొదట అవి గీరి, కొరికి, అరిచి, అనుకోకుండా బయటపడేవి. మళ్ళీ మళ్ళీ పెట్టేకొద్దీ పనికిరాని చేష్టలు రాలిపోయి, సరైన పని మిగిలింది. ఫలితం దక్కిన పని నిలబడుతుందన్న సూత్రం ఆ పెట్టెల్లోంచే వచ్చింది. శిక్షకూ అంతే బలం ఉంటుందని మొదట నమ్మిన ఆయనే 1930లలో ఆ మాట సవరించుకున్నాడు. బహుమతి నేర్పినంతగా శిక్ష మాన్పించలేదని ఒప్పుకున్నాడు.

ఇప్పుడు పిడుగురాళ్లలోనూ దూలాల ఇళ్ళు తగ్గాయి, శ్లాబులొచ్చాయి, ఉట్టి కృష్ణాష్టమి వీధుల్లోకి వెళ్ళిపోయింది. పిల్లి మాత్రం వంటింట్లోనే ఉంది. గ్యాస్ గట్టు ఎక్కడం మాన్పించాలంటే ఉట్టి సూత్రమే దారి. గట్టు మీద తినేదేదీ ఉంచకూడదు, ఎక్కినా ఏమీ దక్కకూడదు. దాంతోపాటు ఎక్కడానికి ఇంకో ఎత్తు చూపించాలి, కిటికీ పక్కన బల్లో, బీరువా మీద పాత దుప్పటో. ఎత్తు నుంచి ఇల్లంతా కనిపెట్టడం పిల్లికి ప్రాణావసరం, దాన్ని పూర్తిగా మూసేస్తే గట్టు ఎక్కక ఏం చేస్తుంది? బల్ల మీద కూర్చున్న క్షణంలోనే ఉప్పు లేకుండా ఉడికించిన కోడిమాంసం ముక్క ఒకటి నోటికందించండి. ఐదు నిమిషాలాగి ఇస్తే దేనికిచ్చారో దానికి తెలియదు. పాలకోవా పెట్టి మురిసిపోకండి, పిల్లి నాలుకకు తీపి తెలియదు. తీపిని పసిగట్టే జన్యువు పిల్లిజాతిలో పనిచేయడం లేదని 2005లోనే కనుక్కున్నారు.

సోఫా చీరడం ఇంకో ఫిర్యాదు. గోళ్ళ పైపొర ఊడదీసుకోవడానికీ, ఒళ్ళు సాగదీయడానికీ, పాదాల్లోని గ్రంథుల వాసన అంటించి ఇది నా చోటు అని చెప్పుకోవడానికీ పిల్లి గీరుతుంది. మాన్పించలేం, చోటు మార్చగలం. ఈ సీమలో గోనెపట్టాకు కొదవ లేదు. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిరప బస్తాలు) కట్టే గోనెపట్టానే ఒక కొయ్యకు చుట్టి పురికొసతో బిగించండి. మిరపకాయలు నింపిన పాత సంచీ మాత్రం వద్దు, ఆ ఘాటు ఉతికినా పోదు. కొయ్య కదలకూడదు, పిల్లి నిలువునా సాగినా ఇంకా పైకి ఉండాలి. దాన్ని పెరట్లో మూలన పెడితే దండగ, చీరుతున్న సోఫా చెయ్యి పక్కనే పెట్టాలి.

మూతివిరుపులు ఎక్కువ వచ్చేది ఉచ్చ దగ్గర. ధర కోసం ఇంట్లో ఆపుకున్న పత్తి కుప్ప పిల్లికి మెత్తటి మరుగుదొడ్డి. ఆ గది తలుపు వేసి ఉంచడం మనిషి పని. ఒకప్పుడు పొయ్యిలో చల్లారిన బూడిదా, పెరట్లో గుల్లమట్టీ ఉండేవి. సిమెంటు చేసిన వాకిట్లో దానికి గోకి పూడ్చే చోటేదీ? వెడల్పాటి టబ్బులో జల్లించిన పొడి ఇసుక పోసి, తిండికి దూరంగా పెట్టి, రోజూ శుభ్రం చెయ్యాలి. ఒక పిల్లి ఉంటే రెండు టబ్బులు, రెండుంటే మూడు. పాడుచేసిన చోట ఫినాయిల్ వేయకండి. పాదాలు నాకే పిల్లి కాలేయం ఆ ఫినాల్ విషాన్ని విరవలేదు. సబ్బునీళ్ళతో కడిగి, వెనిగర్ కలిపిన నీళ్ళతో తుడిస్తే వాసన తగ్గుతుంది.

చేతికందుబాటులో ఉన్నాయి కదా అని కారం చల్లేవాళ్ళూ, సున్నం పోసేవాళ్ళూ ఉన్నారు. కారం పాదాల నుంచి కళ్ళలోకి చేరుతుంది. కాల్చిన సున్నం తడి పాదానికి తగిలితే చర్మం కాలుస్తుంది. కలరా ఉండలు విషం. ఇవేవీ మన సంప్రదాయం కాదు, విసుగు.

సంప్రదాయమంతా మంచిదేనని నేను చెప్పబోవడం లేదు. గోనెసంచిలో మూటగట్టి ఊరవతల వదిలి రావడం కూడా పాత పద్ధతే. తిండీ నీళ్ళూ దొరకని చోట జంతువును వదిలేయడం, కొట్టి హింసించడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరాలు. పెరుగన్నం పెట్టి సరిపెట్టడం కూడా అప్పట్లో చెల్లింది, ఎందుకంటే మిగతాది ఎలుకల నుంచి వచ్చేది. గడప దాటని పిల్లికి మాంసంలో దొరికే టారిన్ లేకపోతే చూపూ గుండే దెబ్బతింటాయి. దొంగతిండి అని మనం తిట్టేదాంట్లో సగం ఈ ఆకలే. రాత్రి గోలకు కూడా మందు తేలికే. పడుకోబోయే ముందు తాడు చివర గుడ్డపీలిక కట్టి కాసేపు వేటాడించి, ఆ తర్వాత తిండి పెడితే వేట, తిండి, నిద్ర వరుసలో పడుకుంటుంది. చేతివేళ్ళతో మాత్రం ఆడించకండి, పిల్లలనూ అలా ఆడనివ్వకండి. గీరినా కరిచినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి రేబిస్ టీకాకు వెళ్ళాలి.

ఒక్క మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. ఇన్నాళ్ళూ బుద్ధిగా ఉన్న పోతుపిల్లి ఉన్నట్టుండి ఇసుక టబ్బులోకి పదేపదే వెళ్ళి, ముక్కుతూ, చుక్క కూడా పోయకుండా బయటికొస్తుంటే అది అల్లరి కాదు, మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. తెల్లవారేదాకా ఆగకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి.