పట్టాల మీద కులం: రామగుండం, గోదావరిఖని కార్మిక చరిత్ర రాతలపై ఒక విమర్శ

సింగరేణి చరిత్రను ఇప్పటిదాకా రెండు తీర్ల రాస్తూ వచ్చారు. కంపెనీ రాసుకున్న చరిత్రలో 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టిన విలియం కింగ్ దొర ఉంటాడు, టన్నుల లెక్కలుంటాయి, లాభాలుంటాయి. కార్మిక సంఘాలు, విప్లవ మేధావులు రాసిన చరిత్రలో సమ్మెలుంటాయి, అమరులుంటారు, ఎర్రజెండా ఉంటుంది. ఈ రెండు చరిత్రలకు ఒకదానితో ఒకటి పొసగదు. కానీ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మాట: బొగ్గు తీసినవాడు 'కార్మికుడు'. వాడు ఏ వాడ నుంచి వచ్చిండు, వాడికి ఏ పని దొరికింది, ఏ పని దొరకలేదు, వాడి గుడిసె ఎక్కడ పడ్డది అన్న ప్రశ్నలు ఇద్దరికీ అవసరం లేకపోయాయి. ఆ ప్రశ్నలను రైలు పట్టాల దగ్గర నుంచి అడగాలన్నది మా ప్రయత్నం. ఎందుకంటే ఈ ప్రాంతంలో బొగ్గుకన్నా ముందు వచ్చింది పట్టాలే.

ఈ మౌనానికి సిద్ధాంతం అండ కూడా ఉంది. బొంబాయి, ఠాణేల నడుమ తొలి రైలు నడిచిన 1853లోనే మార్క్స్ భారతదేశం గురించి రాస్తూ, రైల్వేలతో పుట్టే ఆధునిక పరిశ్రమ వంశపారంపర్య శ్రమ విభజనను కరిగించేస్తుందని, కులాలు నిలబడ్డది దాని మీదనే అని అన్నాడు. మన కామ్రేడ్లు దీన్ని జోస్యంగా కాదు, జరిగిపోయిన సంగతిగా చదువుకున్నారు. రైలు వచ్చింది, బాయిలు వచ్చినయ్, ఇంక కులమేడిది అన్నారు. మార్క్స్ మాటను సింగరేణి నేల మీద పరీక్షకు పెట్టినవాళ్లు తక్కువ.

ముందు పట్టాల సంగతి చూద్దాం. 1883లో లండన్‌లో పుట్టిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీకి పెట్టుబడి మీద 5 శాతం వడ్డీ 20 ఏళ్ల పాటు ఇస్తామని నిజాం సర్కారు హామీ పడింది. రైలుకు లాభం వచ్చినా రాకపోయినా లండన్ షేర్‌హోల్డరుకు వడ్డీ ముడుతుంది. సర్కారు ఖజానాకు పెద్ద దిక్కు భూమిశిస్తు. ఆ శిస్తు పండిన భూముల్లో దొరల కింద వెట్టి చేసింది మాల మాదిగలు, చాకలి, మంగలి, కుమ్మరి కులాలు. అంటే మన తాతలు రైలెక్కకముందే రైలుకు కిరాయి కట్టినట్టు లెక్క. డోర్నకల్ మీదుగా ఇల్లందుకు పట్టాలు పడ్డది 1888లో. మరుసటేడే, 1889లో, బొగ్గు తీయడం మొదలైంది. రైలు ఇంజనుకు బొగ్గు కావాలె, బొగ్గు కదలాలంటే రైలు కావాలె. ఈ రెండింటి నడుమ మనిషి సౌకర్యం అనేది ఎవరి లెక్కలోనూ లేదు.

రామగుండం మీదుగా పోయే కాజీపేట-బల్లార్షా లైను 1929కి పూర్తయింది. మద్రాసును ఢిల్లీతో నేరుగా కలిపిన దారి ఇది. ఈ లైను పక్కనే 1961లో గోదావరిఖని బాయిలు తెరిచారు. 1971లో 62.5 మెగావాట్ల థర్మల్ స్టేషన్, 1980లో బొగ్గుతో నడిచే ఎరువుల కర్మాగారం, 1983 నుంచి ఎన్‌టీపీసీ వచ్చినయ్. బాయిల నుంచి ఎన్‌టీపీసీకి బొగ్గు మోసేందుకు మెర్రీ గో రౌండ్ పేరుతో ప్రత్యేక రైలుమార్గమే వేశారు. పట్టాలు ఎవరి కోసం పడ్డయో తెలుసుకోవాలంటే, ఎక్కడ పడలేదో కూడా చూడాలె. గోదావరిఖని పేరుకు ఇంత పెద్ద పట్నం. మనిషి రైలెక్కాలంటే మాత్రం రోడ్డు పట్టుకొని రామగుండం స్టేషన్‌కు పోవాలె. అప్పటి జిల్లా కేంద్రం కరీంనగర్‌కు 2000 దాటినంక గానీ రైలు రాలేదు. బొగ్గుకు వెంటనే దొరికిన పట్టా, మనిషికి దొరకడానికి 70 ఏళ్లు పట్టింది.

ఇక శ్రమ సంగతి. బొగ్గు గనిని మనవాళ్లు గని అనరు, 'బాయి' అంటారు. ఊరి బాయికాడ మనల్ని దూరం నిలబెట్టి, పైనుంచి నీళ్లు పోసిన సమాజం, బొగ్గుబాయిలోకి మాత్రం మనల్ని ముందుగాల దింపింది. దొరల వెట్టి భరించలేక, 1978 తర్వాత పోలీసు క్యాంపుల నడుమ బతకలేక ఊర్లు విడిచినవాళ్లకు బాయి ఒక దారి. అయితే బాయిలోకి దిగినవాళ్లందరికీ ఒకే పని దొరకలేదు. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపే పని, టబ్బులు నెట్టే పని ఒక దిక్కు. సర్వే, టైం ఆఫీసు, ఇంజనీరింగు ఇంకో దిక్కు. మొదటిదానికి ఒళ్లు చాలు, రెండోదానికి చదువు కావాలె. చదువు ఏ కులాల ఇంట్ల ఉన్నదో వేరే చెప్పాల్నా? కులం పేరు రాయకుండానే కులం ప్రకారం పనులు పంచే పద్ధతి ఇది.

రైల్వేలో ఇదే సంగతిని అంబేద్కర్ ఎప్పుడో పట్టుకున్నాడు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జీఐపీ రైల్వే దళిత కార్మికుల సభలో మాట్లాడుతూ, అంటరానివాళ్లు గ్యాంగ్‌మన్లుగానే మిగిలిపోతున్నారు, పోర్టర్ కూడా కాలేకపోతున్నారు అన్నాడు. పోర్టర్ అన్నవాడు స్టేషన్ మాస్టర్ ఇంట్లో పనులు కూడా చేయాలె, అంటరానివాణ్ణి ఇంట్లోకి రానియ్యరు, అందుకని ఆ కొలువే దక్కదు. పట్టాలను సరిచేసే చెయ్యి పనికొస్తది గానీ నీళ్లు ముంచే చెయ్యి పనికిరాదు. కార్మికులకు బ్రాహ్మణిజం, పెట్టుబడిదారీ విధానం రెండూ శత్రువులని చెప్పింది ఆ సభలోనే. కులం అంటే పని విభజన మాత్రమే కాదు, పనివాళ్ల విభజన అని 1936లోనే రాశాడు. మార్క్స్ జోస్యానికి జవాబు అక్కడుంది. మన కార్మిక సాహిత్యం ఆ జవాబు చదవకుండానే 90 ఏళ్లు గడిపింది.

వాడల సంగతికి వద్దాం. కంపెనీ క్వార్టర్లు కులం చూసి ఇవ్వలేదు, గ్రేడు చూసి ఇచ్చిందంటారు. నిజమే. కానీ గ్రేడు చదువును బట్టి, చదువు కులాన్ని బట్టి వస్తే, బంగళా ఎవరికి, చిన్న క్వార్టరు ఎవరికి, గుడిసె ఎవరికి? క్వార్టరు దొరకనివాళ్లు ఖాళీ జాగా చూసుకొని గుడిసెలు వేసుకున్నరు. ముందు వచ్చినవాడు తన ఊరివాణ్ణి, చుట్టాన్ని పక్కకు పిలుచుకుంటడు. ఊర్ల కలిసి ఉన్న వాడ ఇక్కడ కూడా కలిసే లేచింది. మున్సిపల్ రికార్డుల్లో దానికి కొత్త నగర్ పేరు ఉండొచ్చు, మనుషులకు మాత్రం అది ఎవరి వాడో తెలుసు.

అట్లని బాయి మనకు ఏమీ ఇయ్యలేదని అంటే అది అబద్ధమైతది. నెల తిరిగేసరికి చేతికి జీతం, పీఎఫ్, దవాఖాన, దొర ముందు వంగాల్సిన పనిలేని బతుకు ఇచ్చింది. మాలో చాలామంది యూనివర్సిటీ గడప తొక్కింది ఆ జీతాల మీదనే. 1981లో సమ్మె చేస్తే జీతం కోసే చట్టానికి ఎదురుగా 56 రోజులు బాయిలు బందు పెట్టినప్పుడు అన్ని కులాలవాళ్లూ ఒక్కటిగా నిలబడ్డరు. ఆ ఐక్యతను తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు. మేము అడిగేది వేరు: సమ్మెలో ముందు నిలబడ్డవాళ్లు సంఘం కుర్చీల్లో ఎందుకు వెనకబడ్డరు? జెండా మోసినవాడు వేరు, చర్చలకు కూసున్నవాడు వేరు ఎందుకైండు? కులం మాట తీస్తే ఐక్యత చెడుతదని చెప్పినవాళ్లు ఈ ప్రశ్నను 40 ఏళ్లు వాయిదా వేసిండ్రు.

వాయిదా వేసిన ప్రశ్న ఊరికే పోలేదు, కాంట్రాక్టు రూపంలో తిరిగొచ్చింది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైన కార్మికులుండేవాళ్లు, నేడు 40 వేల చుట్టూ ఉన్నరు. ఓపెన్‌కాస్టులు పెరిగి తట్టా చెమ్మస్ పని పోయింది. ఎరువుల కర్మాగారం 1999లో మూతపడి 2021లో కొత్త కంపెనీగా తెరుచుకుంది. రైల్వేలో పట్టాల మీది మలం ఎత్తే పని గురించి 2014లో సుప్రీంకోర్టు మాట్లాడాల్సి వచ్చింది. తర్వాత బోగీలకు బయో టాయిలెట్లు వచ్చినయ్, ఊడ్చే పని మాత్రం కాంట్రాక్టరు కిందికి పోయింది. రిజర్వేషన్ పర్మనెంటు కొలువులకు ఉంటది, కాంట్రాక్టరు మస్టరుకు ఉండదు. కొలువు సన్నబడ్డకొద్దీ మన పిల్లలకు మళ్లీ చీపురే మిగిలే ప్రమాదం ఉంది. చరిత్రలో 'కార్మికుడు' అని ఒక్క మాటలో రాసినవాళ్ల దగ్గర, ఇప్పుడు ఎవరి కొలువు పోయిందో లెక్క చెప్పే కాగితం లేదు.

కాబట్టి ఈ ప్రాంతం మీద పరిశోధన చేసే విద్యార్థులకు, సంఘాల్లో పనిచేసే మిత్రులకు మా విన్నపం ఒక్కటే. మస్టరు పుస్తకాలు, క్వార్టర్ల కేటాయింపు జాబితాలు, ప్రమోషన్ల సీనియారిటీ, గ్యాంగ్‌మన్ల రికార్డులు, కాంట్రాక్టు కార్మికుల వివరాలు కులం వారీగా చదవండి. కాగితం దొరకని చోట రిటైరైన ఫిల్లర్లను, వాళ్ల ఇంటి ఆడవాళ్లను అడగండి. వాళ్లున్నంతకాలమే ఆ లెక్క దొరుకుతది. కంపెనీ ఇది రాయదు. సంఘాలు ఇన్నేళ్లు రాయలేదు. పట్టాల పొంట, బాయిల పొంట పెరిగిన వాడల నుంచి చదువుకొని వచ్చినవాళ్లమే దీన్ని రాయాలె.