పొడిగాలిలో నీటి రంగు

దక్షిణ కాలిఫోర్నియాలో శరదృతువు వచ్చిందంటే కార్లకు రంగు కొట్టేవాళ్లం ఎడారి వైపు చూస్తాం. అటు నుంచి వీచే సాంటా ఆనా గాలులకు ఒక్కోరోజు గాలిలో తేమ 10 శాతం కన్నా తగ్గిపోతుంది. థిన్నర్ బదులు నీటితో తయారయ్యే నీటి రంగుకు అంతకన్నా గడ్డురోజు లేదు.

ఇక్కడి వాయు కాలుష్య నియంత్రణ సంస్థ 2008లో కార్ల రంగుల్లో ఆవిరయ్యే ద్రావకాలకు లీటరుకు 420 గ్రాముల హద్దు పెట్టింది. యూరప్ 2007లోనే ఆ పని చేసింది. అలా థిన్నర్ రంగు తప్పుకుని నీటి బేస్‌కోట్ వచ్చింది. రావలసిన మార్పే అది. ఆ ఆవిర్లు ఎండ తగిలి ఊరంతటినీ కమ్మే విషపు మసకగా మారతాయి. అంతకన్నా ముందు మా ఊపిరితిత్తుల్లోకే పోతాయి.

థిన్నర్ ఆరడానికి గాలిలోని తేమతో పనిలేదు. నీటికి ఉంది. ముసురులో రెండు రోజులైనా ఆరని బట్ట మే నెల ఎండలో ఇట్టే ఆరుతుంది కదా! అలాగే పొడిగాలిలో గన్ నుంచి వెలువడిన తుంపర డోరు మీద వాలేలోపే సగం ఆరిపోతుంది. పక్క తుంపరతో కలవదు. తడిమితే గరుకు. మెటాలిక్ రంగైతే అల్యూమినియం రేణువులు ఒక తీరుగా పడుకోక మచ్చలు తేలతాయి. పాత రంగులో కొత్తది కలిపిన చోట అంచు తెలిసిపోతుంది. పైన కొట్టే పారదర్శక పూత, క్లియర్, ఈ లోపాలను దాచదు, ఎత్తి చూపుతుంది.

చాలామంది రంగు కొట్టే గది, అంటే బూత్, నేల తడుపుతారు. దుమ్ము అణుగుతుంది, కాస్త తేమా చేరుతుంది. కానీ ఫ్యాన్లు ఎడతెగకుండా కొత్త పొడిగాలిని లాగుతుంటే ఆ తేమ ఎంతసేపు నిలుస్తుంది? అసలు ఉపాయం రంగును పలచబరచడానికి కలిపే రెడ్యూసర్‌లో నిదానంగా ఆరే రకం. ఎంత తేమకు ఏది కలపాలో రంగు కంపెనీ ఇచ్చే పట్టికలోనే ఉంటుంది. బానెట్, రూఫ్ లాంటి పెద్ద భాగాలకు నిదానంగా ఆరే రకం తప్పదు. ప్యానెల్ పూర్తయ్యేదాకా రంగును ఆరబెట్టే బ్లోయర్లు ఆపాలి. ఒక వరస తడిగా ఉండగానే తర్వాతి వరస దాని మీదికి ఎక్కాలి. గాలిని చదివి చేతి వేగం మార్చుకోవడమే ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టం.

వేసవి మధ్యాహ్నాల్లో హైదరాబాద్, అనంతపురం గాలి కూడా పొడిదే. అక్కడ నీటి రంగు మొదలుపెట్టే పెయింటర్ సోదరులకు రెండు మాటలు. బూత్‌లో తేమ మీటరు పెట్టుకోండి, దాన్ని చూశాకే రంగు కలపండి. నీటి రంగే కదా అని మాస్కు మాత్రం తీయకండి. పైన కొట్టే క్లియర్ హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, అవి ఉబ్బసం తెచ్చిపెడతాయి.