అడుగడుగూ అడుగుతూ

మా మాధవరం నుంచి ఒక బండ బయటికి పోయిన కథ ఈ పక్క చిన్నపిల్లలకు కూడా తెలుసు. రాఘవేంద్రస్వామి తన బృందావనానికి రాయి కావాలన్నప్పుడు ఆదోని దివాను వెంకన్నకు ఈ ఊరి బండను చూపించారనీ, వనవాసంలో రాముడు దాని మీద కూర్చుని సేదదీరాడనీ స్థలపురాణం. స్వామి బృందావన ప్రవేశం చేసింది 1671లో. బండను ఎవరు చూపించారో, దాని మీద ఎవరు కూర్చున్నారో కథ చెబుతుంది. ఎట్ల తీసుకుపోయారో మాత్రం చెప్పదు. ఎన్ని జతల ఎద్దులు కట్టారు, కింద ఎన్ని దుంగలు వేశారు, ఏ వంక దగ్గర ఆగి తల పట్టుకున్నారు? చిన్నప్పుడు మా అవ్వను అడిగితే, "దేవుని పని, దానంతటదే పోయింటుంది లేప్పా" అనేది.

బరువు దానంతటదే పోదని కిందటి వేసవిలో కళ్లారా చూశాను. ఈసారి ఊరి నుంచి పోయింది కాదు, ఊరికి వచ్చింది. మా బావ హైదరాబాదులో పాత హిటాచీ ఒకటి కొన్నాడు. మా పక్క చైన్ల మీద నడిచే తవ్వుడు యంత్రం ఏ కంపెనీదైనా హిటాచీయే. అంతకుముందు తరం ప్రొక్లెయిన్ అనేది. అదీ పోక్లెయిన్ అనే ఫ్రెంచి కంపెనీ పేరే, మన నోట్లో పడి అట్ల అయింది. కొత్తవి కావాలంటే దగ్గరే దొరుకుతాయి. ధార్వాడలో టాటా హిటాచీ చేస్తుంది, తడ దగ్గర శ్రీసిటీలో కోబెల్కో చేస్తుంది. కొత్తదానికి బావ జేబు చాలలేదు. "నువ్వు కాగితాలు చదవగలవు, బండితో పాటు రాప్పా" అని నన్ను తోడు పంపాడు.

దాన్ని తేవడం ఎందుకంత కష్టమో తెలియాలంటే ముందు అక్కడి రేవు చూడాలి. హైదరాబాదుకు సముద్రం లేదు గానీ రేవు ఉంది. సనత్‌నగర్‌లో కాంకర్ వాళ్ల ఇన్‌లాండ్ కంటైనర్ డిపో అదే. ఓడ దిగిన పెట్టెలు రైలెక్కి అక్కడికొస్తే కస్టమ్స్ తనిఖీ అక్కడే అవుతుంది. అక్కడ నిలబడి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ప్రపంచ వ్యాపారమంతా ఆ పెట్టె కొలతకు లోబడి ఉంది. పెట్టె లోపలి వెడల్పు 2.35 మీటర్లు, ఏడడుగుల ఎనిమిదంగుళాలు. అందులో పట్టేదానికి దారి సులువు. పట్టని వస్తువుకు మాత్రం ప్రతి మైలూ పంచాయతీయే. ఇరవై టన్నుల హిటాచీ ఈ చైను అంచు నుంచి ఆ చైను అంచుకు 2.8 మీటర్లు ఉంటుంది. పెట్టెలోనే కాదు, మన చట్టంలో కూడా పట్టదు. రోడ్డు మీద తిరిగే బండి వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదని మోటారు వాహనాల నిబంధనల్లో 93వది. డ్రైవర్ల లెక్కలో ఎనిమిదిన్నర అడుగులు. మా మిషన్ తొమ్మిదడుగుల పైన రెండంగుళాలు. అంటే అటు నాలుగు, ఇటు నాలుగు అంగుళాలు చట్టం బయట వేలాడుతున్నట్టు.

ఇందులో నాకు నవ్వొచ్చిన విషయం ఒకటుంది. రోడ్డు తవ్వేది, మట్టి ఎత్తేది, గట్టు చెక్కేది ఈ యంత్రమే. రోడ్డు తయారయ్యాక దాని మీద నడవడం దీనికే చెల్లదు. ఇనుప చైను తిరిగితే తారు లేచిపోతుంది. అందుకని తాను పుట్టించిన దారిలో తానే ఇంకొకరి వీపునెక్కి పోవాలి.

ఆ వీపు పేరు లోబెడ్. నేల నుంచి మూడడుగుల ఎత్తులో పల్లంగా ఉండే ట్రెయిలర్. దాని డ్రైవరు పాలమూరు మనిషి. ఆయన నాయన గడ్డపార, తట్ట పట్టుకుని ప్రాజెక్టు పనులకు ఊళ్లూళ్లు తిరిగిన పాలమూరు లేబర్‌లో ఒకడట. "మా నాయిన మట్టి మోసిండు, నేను మట్టి మోసే మిషిన్ని మోస్తున్న" అన్నాడు, మొదటి చాయ్ దగ్గరే.

ఎక్కించడం చూడాలి మీరు. ట్రెయిలర్ వెనక రెండు ఇనుప ర్యాంపులు దించారు. చైను జారకుండా వాటి మీద గోనె పట్టాలు, పాత టైరు ముక్కలు పరిచారు. హిటాచీ ఆపరేటరు మిషన్‌ను ర్యాంపులకు సూటిగా నిలబెట్టాడు. క్లీనరు ముందు నిలబడి రెండు చేతులతో సైగలు. ర్యాంపు మీద ఉన్నప్పుడు మిషన్ తిప్పకూడదు, అదే మొదటి సూత్రం. వంకర పోయిందంటే పూర్తిగా కిందికి దిగి, సరి చేసుకుని మళ్లీ ఎక్కాల్సిందే. మాది రెండుసార్లు దిగింది. మూడోసారి ఎక్కుతూ ఎక్కుతూ ర్యాంపు చివర, బెడ్ మొదట, నడుం మీద నిలబడ్డట్టు ఒక్క క్షణం ఆగింది. ముందు సగం గాల్లో, వెనక సగం వాలులో. అప్పుడు ఆపరేటరు బూమ్ చాపి బకెట్‌ను బెడ్ మీద చేత్తో నొక్కినట్టు మెల్లగా ఆనించాడు. ఏనుగు తొండం ఆనించి మోకాలు వంచినట్టు, ఇరవై టన్నులు చప్పుడు లేకుండా కిందికి ఒరిగింది. నేను ఊపిరి బిగబట్టిన సంగతి తర్వాతగానీ తెలియలేదు.

తర్వాత కట్టే చైన్లు. నాలుగు మూలల నుంచి అడ్డంగా తెచ్చి, పుల్లర్‌తో బిగించి, మిషన్ నడిచే చైన్ల ముందూ వెనకా చెక్క దిమ్మెలు కొట్టారు. అంతా అయిందనుకుని నేను క్యాబిన్ ఎక్కాను. పది కిలోమీటర్లు పోయాక బండి పక్కకు ఆపి డ్రైవరు మళ్లీ దిగాడు. చైన్లు ఒక్కొక్కటే తట్టి చూసి, అన్నింటినీ ఇంకో మెలిక బిగించాడు. "బయలెల్లేటప్పుడు కట్టింది కట్టుడు కాదు సారూ. బండి కదిలినంక బరువు కుదురుకుంటది. అప్పుడు కట్టాలె." ఆ మాట పెళ్లిళ్లకు కూడా పనికొస్తుందని నాకు తోచింది.

ఇక కాగితాలు. జీఎస్టీ ఈ-వే బిల్లులో మామూలు సరుకుకు రోజుకు 200 కిలోమీటర్ల లెక్కన గడువు ఇస్తారు. ఇట్లాంటి కొలత దాటిన సరుకుకు, ఓడీసీ అంటారు దీన్ని, రోజుకు 20 కిలోమీటర్లే లెక్క. హైదరాబాదు నుంచి మాధవరం సుమారు 240 కిలోమీటర్లు. బస్సులో పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి ఇల్లు. సర్కారు లెక్కలో మాకు పన్నెండు రోజులు. ఇంత నెమ్మదిని నమ్మే చట్టం మన దేశంలో ఇంకొకటి ఉందా అనిపించింది. అట్లని గడువు ఎంతున్నా కొలత మాత్రం తప్పకూడదు. అనుమతి లేకుండా సరుకు పక్కలకు పొడుచుకొస్తే ఇరవై వేల జరిమానా అని 2019 సవరణ చెబుతోంది. దించే ఖర్చు అదనం.

మా దారి జడ్చర్ల దాకా పెద్ద రోడ్డు, అక్కడి నుంచి 167వ నంబరు జాతీయ రహదారి. మహబూబ్‌నగర్, మక్తల్ దాటితే కృష్ణ, అవతల కర్ణాటక. రాయచూరు దాటితే తుంగభద్ర, అవతల ఆంధ్ర. రెండు నదులు, మూడు రాష్ట్రాలు. ప్రతి ఊరి మొదట్లో బండి నెమ్మదిస్తుంది, క్లీనరు దిగి ముందు నడుస్తాడు. చేతిలో పొడవాటి వెదురు కర్ర. దాని మీద అడుగులకు రంగు గుర్తులు. బండి ఎత్తు పదమూడడుగులు. కర్ర తగలని చోట మేమూ తగలం. తగిలితే ఆగాలి. కేబుల్ టీవీ తీగ అయితే కర్రతో ఎత్తి పట్టుకుంటాడు. కరెంటు తీగ జోలికి మాత్రం పోడు. లైన్‌మన్‌ను పిలిపించి, ఎల్సీ (లైన్ క్లియర్) తీసుకుని, సరఫరా ఆగిందని తెలిశాకే కదలాలి. వేపకొమ్మ అడ్డమొస్తే ఆ చెట్టు ఎవరిదో కనుక్కుని అడగాలి. కరెంటు రైళ్లు తిరిగే లైన్లలో గేట్ల దగ్గర 4.67 మీటర్ల ఎత్తున ఇనుప చట్రం కట్టి ఉంటుంది. దాన్ని అడగాల్సిన పని లేదు, అదే చెప్పేస్తుంది.

కృష్ణ మీది నిజాం కాలపు వంతెనను తెల్లవారుజామున దాటాం. "గీ టైముల మనమే పెద్దమనుషులం" అని నవ్వాడు డ్రైవరు. వంతెన పొడవునా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

మా బరువెంత? బండి, ట్రాలీ, మిషన్ కలిస్తే నలభై టన్నులు. ఈ వృత్తిలో అది పసిపిల్ల. ఇప్పుడు మన ఇంజనీర్లు పెద్ద వంతెనలు గీసేటప్పుడు 385 టన్నుల ప్రత్యేక వాహనాన్ని కూడా ఊహించుకుని గీస్తారు. ఒక్కొక్క ఇరుసు మీద 18 టన్నుల చొప్పున ఇరవై ఇరుసుల ట్రెయిలర్, ముందు లాగే బండి. అది వంతెన మీద ఉన్నంతసేపూ ఇంకో బండి ఉండకూడదు. గంటకు ఐదు కిలోమీటర్లు దాటకూడదు. రోడ్డు నట్టనడుమ నుంచి అటూ ఇటూ 30 సెంటీమీటర్లకు మించి పక్కకు జరగకూడదు. పెళ్లికూతురు నడక కంటే కట్టడి. 2019 జులైలో మహారాష్ట్ర నుంచి ఒక 74 చక్రాల బండి తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రానికి ఆటోక్లేవ్ ఒకటి ఎత్తుకుని బయలుదేరింది. అది చేరింది 2020 జులైలో. ఏడాది పైన. రాకెట్టు విడిభాగాలను ఉడికించే పాత్ర అది. రాకెట్టు పది నిమిషాల్లో ఆకాశం దాటుతుంది, దాని వంటపాత్రకు రాష్ట్రాలు దాటడానికి సంవత్సరం పట్టింది. దారిలో చెట్లు కొట్టారు, తీగలు ఎత్తారు, లాక్‌డౌన్‌లో ఆగిపోయారు.

క్యాబిన్‌లో కూర్చుని ఇదంతా తలచుకుంటుంటే తెలుగులో ఒక చిన్న మాట పదే పదే నోటికొచ్చింది: అడుగు. కొలతా అడుగే, వేసే నడకా అడుగే, నోరు తెరిచి చేసే మనవీ అడుగే. ఈ మూడూ కలిసిందే ఈ పని. చిన్న బండి ఎవరినీ అడగదు, హారన్ కొట్టి దూసుకుపోతుంది. పెద్దదానికి ఆ వీలు లేదు. ఎంత పెద్దదైతే అంతమందిని అడగాలి. తీగను, కొమ్మను, గేటును, ఎదురొచ్చే బడి ఆటోను. మన పెద్దమనుషుల్లో ఈ గుణం తక్కువ, అందుకే ట్రెయిలర్ మీద చూసేసరికి కొత్తగా కనిపించింది.

ఆ మాటకు నాలుగో అర్థం కూడా ఉందని మా ఊరి పొలిమేరలో తెలిసింది.

తుంగభద్ర వంతెన దిగి ఊళ్లోకి మళ్లేసరికి నాకు పౌరుషం వచ్చింది. ఇంతవరకూ ఆయన దారి, ఇక నాది. బావ చేను దగ్గరికి పోవాలంటే నల్లరేగడిలో మట్టిబాట, మధ్యలో వంక మీద పాత మోరీ. డ్రైవరు దాని ముందు బండి ఆపేశాడు. "ఏం కాదు పోనియ్యన్నా, దినామూ పత్తి లారీలు పోతాండాయి దీని మింద" అన్నాను.

"పోతయి సారూ. పత్తి పత్తే, గిది ఇనుము. పైకెల్లి సూస్తే ఏం ఎరుకైతది? అడుగు సూడాలె."

చెప్పులు విడిచి, లుంగీ ఎగ్గట్టి వంకలోకి దిగాడు. ఫోను లైటు వేసుకుని మోరీ కిందికి వంగాడు. నన్నూ పిలిచాడు. నేనూ వంగాను. పైన బాట నున్నగా ఉంది. కింద రాతి కట్టడంలో ఒక పక్క రాళ్లు కడుపుతో ఉన్నట్టు బయటికి ఉబ్బి ఉన్నాయి. మధ్యలో సున్నం రాలిపోయి చెయ్యి దూరేంత సందు. ఆయన ఏమీ అనలేదు. నా వైపు కూడా చూడలేదు. అది ఆయన మర్యాద.

అక్కడే ర్యాంపులు దించి మిషన్‌ను కిందికి తెచ్చారు. మూడు రాష్ట్రాలు వీపునెక్కి వచ్చిన హిటాచీ చివరి అర కిలోమీటరు తన కాళ్లతో తానే నడిచింది. వంక గట్టును బకెట్‌తో చెక్కుకుని, ఎండిన ఇసుకలో దిగి, అవతల ఎక్కి, రేగడిలో చైన్ల అచ్చులు వేసుకుంటూ చేలోకి పోయింది. పిల్లలు వెంటపడ్డారు. బావ కొబ్బరికాయ కొట్టాడు. ఖాళీ లోబెడ్ వెనక్కి తిరిగి వంతెన వైపు గడగడలాడుతూ పోయింది. ఆ మోతలో డ్రైవరుకు నేను చెప్పాల్సిన మాట చెప్పలేదని తర్వాత గుర్తొచ్చింది.

పంచాయతీలో మోరీ సంగతి రాసిచ్చాను. చూద్దామన్నారు. ఇప్పుడు స్కూటరు మీద పోతూ అక్కడికొచ్చేసరికి చెయ్యి దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. ముప్పయ్యేళ్లు ఆ మోరీ మీద తిరిగాను. దాని అడుగు చూసింది ఆ ఒక్క రోజే.