ఏడ్చే పని పాఠకుడిది

మన పేపర్లలో ఏ చావు వార్తయినా చూడండి. కుటుంబసభ్యులు కన్నీరుమున్నీరవుతారు, రోదనలు మిన్నంటుతాయి, ఊరు ఊరంతా శోకసంద్రంలో మునుగుతుంది. ఇన్ని నీళ్లు పారినా చదివేవాడి కన్ను మాత్రం చెమ్మగిల్లదు. మాటలు అరిగిపోయాయని సరిపెట్టుకోవచ్చు గానీ, అసలు చిక్కు వేరే ఉంది. పాఠకుడు పడాల్సిన దుఃఖమంతా విలేఖరే ముందు పడేశాడు, ఇక మనకు మిగిలిందేమీ లేదు. పోయినవాడు ఏ పని మీద బయల్దేరాడో, ఎవరికి ఏం తెస్తానని చెప్పి వెళ్లాడో ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే కథ మరోలా ఉండేది. కల్పన కాని రచనలో భావం విశేషణాల్లో కంటే వివరాల ఎంపికలో, వాటిని పేర్చిన వరుసలో, ఎక్కడ ఆపాలో తెలియడంలో ఉంటుందని నా వాదన.

కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో వచ్చింది. అప్పటికి ఆమెకు తొంభై దాటాయి. ఊహ తెలియని వయసులో పెళ్లి, వైధవ్యం, పునర్వివాహం, కమ్యూనిస్టు పార్టీ కోసం అజ్ఞాతవాసం, భర్త సీతారామయ్య విడిచి వెళ్లడం, కాకినాడలో ఆడపిల్లల హాస్టల్లో ఉద్యోగం, కొడుకూ కూతురూ తనకంటే ముందే పోవడం. ఇందులో ఏ ఒక్కటి దొరికినా మన సినిమావాళ్లు మూడు పాటలు పెట్టేస్తారు. ఆమె మాత్రం పక్కింటావిడతో చెప్పుకున్నట్టు మామూలు మాటల్లో చెప్పుకుపోయారు. కడుపుకోత గురించీ బతుకుతెరువు గురించీ దాదాపు ఒకే గొంతు. ఆ గొంతు పెరగకపోవడం వల్లే చదివేవాడు పుస్తకం మూసి కాసేపు ఊరుకుంటాడు. ఇది కొత్త పద్ధతేం కాదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీ మజిలీకీ నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దారి ఎలా ఉంది అని రాస్తూ పోయారు. అభిప్రాయాలు దాచుకునే మనిషి కాదాయన. అయినా అంత పరివారాన్ని నడిపించుకెళ్లే యజమాని ఆందోళన మనకు అందేది ఆ నీళ్ల లెక్కల్లోంచే.

జరిగినదాన్ని ఇలా పేర్చడం పాఠకుణ్ణి మభ్యపెట్టడమేనని కొందరంటారు. నేనలా అనుకోను. వరుస లేకుండా ఎవరూ ఏదీ చెప్పలేరు; లేనిది చేర్చినప్పుడే అబద్ధం మొదలవుతుంది. ఇంతకన్నా గట్టి అభ్యంతరం పానుగంటి లక్ష్మీనరసింహారావు. ‘సాక్షి’ వ్యాసాల్లో నిగ్రహమన్న మాటే లేదు. ప్రశ్న మీద ప్రశ్న, వాక్యం మీద వాక్యం, ఊపిరి తిప్పుకోనివ్వని ధోరణి. అయినా ఇప్పటికీ చదివిస్తాయి. మరి నా వాదన ఏమైనట్టు? కొంత తగ్గించుకోక తప్పదు: పొదుపు ఒక దారి, అదొక్కటే దారి కాదు. అన్యాయం చూసినవాడు మెత్తగా మాట్లాడితే అది కళ అనిపించుకోదు, తప్పించుకోవడమవుతుంది. కానీ పానుగంటి చేసిన ఏర్పాటు గమనించండి. ఆంగ్లంలోని ‘స్పెక్టేటర్’ పత్రిక పద్ధతిలో ఒక సంఘాన్ని కల్పించి, ఆ ఉద్రేకాన్నంతా ఆ సంఘంలో ఉపన్యసించే జంఘాలశాస్త్రి నోట పెట్టారు. కోపం రచయితదే, కేకలు శాస్త్రివి. శాస్త్రి అతి చేస్తే నవ్వుకోవచ్చు, నిజం చెబితే సిగ్గుపడవచ్చు. ఏది ఎప్పుడన్నది ఎదురుగా కూర్చున్న శ్రోతల్లాగే మనమూ తేల్చుకోవాలి. అంత గోల మధ్య కూడా పాఠకుడి పని పాఠకుడికే వదిలేశారాయన.