ఏడు గేములకి రెండు గేములు

అమెరికాలో పూల్ లీగ్‌లో చేరాలని ఉందంటూ ఈమధ్య కొందరు తెలుగు కుర్రాళ్లు నన్ను అడుగుతున్నారు. అందరి భయమూ ఒకటే. "మాకు అంత ఆట రాదండీ, టీమ్‌కి బరువైపోతామేమో" అంటారు. హ్యాండిక్యాప్ ఎలా నడుస్తుందో తెలిస్తే ఈ భయం నిలవదు.

నేను ఆడేది అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్ లీగ్‌లో. ఏపీఏ అంటేనే అందరికీ తెలుస్తుంది. టెర్రీ బెల్, లారీ హబ్బార్ట్ అనే ఇద్దరు ప్రొఫెషనల్ ఆటగాళ్లు 1979లో దీనికి పునాది వేశారు. ఇక్కడ ఎయిట్ బాల్ ఆడే ప్రతి ఒక్కరికీ 2 నుంచి 7 వరకూ ఒక స్కిల్ లెవెల్ ఉంటుంది. మ్యాచ్ గెలవడానికి ఎవరు ఎన్ని గేములు కొట్టాలో ఆ అంకే చెబుతుంది. ఇద్దరూ 5 అయితే చెరి నాలుగు. 4 వచ్చి 3తో తలపడితే మూడింటికి రెండు. 7 వచ్చి 2తో ఆడితే, అతను ఏడు గెలవాలి, కొత్తవాడికి రెండు చాలు.

ఈ హ్యాండిక్యాప్‌ని జాలి అనుకునేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. టేబుల్ మీద ఎవరికీ ఏ సడలింపూ లేదు. తెల్ల బంతి పాకెట్లో పడితే ఎవరికైనా ఫౌలే. ఆ తర్వాత ఎదుటివాడు బంతిని చేత్తో తీసుకుని తనకి నచ్చినచోట పెట్టుకుంటాడు. గేమ్ ముగించే నల్ల బంతిని ఏ పాకెట్లో వేయబోతున్నారో నోటితో చెబితే చాలదు, ఆ పాకెట్ దగ్గర గుర్తు పెట్టి తీరాలి. ఇంట్లో ఆడి వచ్చినవాళ్లకి ఈ నియమం ముందే గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మరిచిపోతే గెలిచిన గేమే చేజారుతుంది. నేర్చుకుంటున్నవాళ్లకి ఇచ్చే వెసులుబాటు ఒక్కటే: లెవెల్ 3, అంతకు తక్కువ ఉన్నవాళ్లు గేముకి రెండుసార్లు టైమ్‌అవుట్ తీసుకుని టీమ్‌వాళ్ల సలహా అడగవచ్చు. మిగతావాళ్లకి ఒక్కసారే. ఆ నిమిషంలో సీనియర్ వచ్చి పక్కన నిలబడి, ఈ బంతి కొట్టాక తెల్ల బంతి ఎక్కడ ఆగాలో వేలితో చూపిస్తాడు. నాకు తెలిసి పూల్ నేర్చుకోవడానికి అంతకు మించిన బడి లేదు.

అసలు తెలివంతా 23లో ఉంది. ఒక టీమ్‌లో ఎనిమిది మంది దాకా ఉండొచ్చు, ఆ రాత్రి ఆడేది ఐదుగురు. ఆ ఐదుగురి లెవెల్స్ కలిపితే 23 దాటకూడదు. ఇద్దరు 7లని దింపితే 14 అయిపోయాయి. మిగిలిన ముగ్గురికీ కలిపి తొమ్మిదే. అంటే సగటున మనిషికి 3. 7ల మీద 7లు పోగేసుకున్న టీమ్‌కి బరిలోకి దిగడమే కుదరదు. కొత్తవాణ్ణి చేర్చుకోవడం, ఓపిగ్గా నేర్పడం ఇక్కడ మంచితనానికి వదిలేసిన పని కాదు, గెలవాలంటే తప్పనిసరి. కెప్టెన్లు ఒకరి తర్వాత ఒకరు ఆటగాళ్లని దింపుతున్నప్పుడు, ఎదుటి 7 మీదికి మన 2ని పంపాలా, మన 7నే పంపాలా అన్న ఆలోచన చూడ్డానికే నేను కొన్నిసార్లు నా మ్యాచ్ లేని రోజు కూడా వెళ్తాను. 2గా ఉన్న అమ్మాయి మొదటి గేమ్ గెలిచిందంటే చాలు, ఎదుటి పెద్ద ఆటగాడి ముఖం మారిపోతుంది. ఆమెకి ఇంకొక్కటే కావాలి.

ఈ లెక్క అంతా స్కోరు షీటు మీద నిలబడి ఉంది. గెలుపోటములతో పాటు ఎన్ని ఇన్నింగ్స్ (ఇద్దరి వంతులూ కలిపి ఒకటి) పట్టాయో అందులో రాస్తారు. బంతి వేసే ఉద్దేశం లేకుండా ఆడిన షాట్‌ని డిఫెన్సివ్ షాట్‌గా వేరే గుర్తిస్తారు. తక్కువ ఇన్నింగ్స్‌లో గెలిచేవాడి లెవెల్ పైకి వెళ్తుంది. అందుకే కొందరు గెలవగల గేమ్‌ని కావాలని సాగదీస్తారు. తేలిక బంతిని వదిలేసి, తప్పిపోయినట్టు తల ఊపుతారు. అంకె తక్కువగానే ఉంటే టోర్నమెంట్‌లో లాభమని వాళ్ల లెక్క. దీన్ని శాండ్‌బ్యాగింగ్ అంటారు. నా దృష్టిలో ఇది చాకచక్యం కాదు, దొంగతనం. అలా ఆడేవాడు దోచుకునేది నిజంగా 3గా ఉండి కష్టపడుతున్న మనిషి అవకాశాన్ని. కళ్లు తెరుచుకుని రాసే స్కోరర్ ఉంటే ఈ మోసం చాలావరకు సాగదు.

కాబట్టి చేరాలనుకుంటున్నవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఖరీదైన క్యూ కొనడం తర్వాత చూసుకోవచ్చు. మొదటి రాత్రే కెప్టెన్ దగ్గరికి వెళ్లి స్కోరు షీటు అడిగి తీసుకోండి. ప్రతి ఇన్నింగ్సూ, ప్రతి డిఫెన్సివ్ షాటూ చూసి రాయండి. సందేహం వస్తే ఎదుటి స్కోరర్‌ని అడిగి, రెండు షీట్లూ సరిపోల్చుకోండి. మీ అంకె ఎంతైనా పర్వాలేదు, నిజమైనదై ఉండాలి.